దుమ్ము యంత్రానికి కప్పిన చీర

ఎనభైల మొదట్లో, గాలిలో దుమ్మును కొలిచే ఉద్యోగంలో చేరి ఒంటరిగా హైదరాబాద్ వచ్చాను. మా యంత్రం బేగంబజార్‌లో ఒక ముసలమ్మ డాబా మీద ఉండేది. అది రోజంతా గాలి పీల్చి, లోపలి తెల్లకాగితం మీద దుమ్మును పట్టేది.

ఒకరోజు వెళ్లేసరికి యంత్రం నిండా పాత చీర కప్పి ఉంది. చీర మసిబారింది, కాగితం మాత్రం తెల్లగానే ఉంది. ఆ రోజు కొలత పోయినట్టే!

"దుమ్ము పట్టడానికే కదమ్మా దీన్ని పెట్టింది!" అని మండిపడ్డాను.

"నాకేమెరుక బిడ్డా! ఒక్కటే ఉండి మూల్గుతుంటే పాపమనిపించింది. దుమ్ము పడ్తదని నేనే కప్పిన," అందామె దగ్గుతూ.

అంతకు ముందువారమే నేను జ్వరంతో గదిలో మూలుగుతూ పడుకున్నాను. దుప్పటి కప్పే మనిషి లేడు.

ఒక యంత్రాన్ని చూసి అసూయపడటం నా జీవితంలో అదొక్కసారే.