మార్గరెట్ పేరు కింద

మన తల్లిదండ్రులు మనకు పేరు పెట్టకముందే మనల్ని ఎరిగిన దేవునికి స్తోత్రం. మనుషులు మరచిపోయినవారిని మరవని ప్రభువుకు మహిమ. పెద్ద పనికైనా చిన్న పనికైనా ముందు ఆయనకు వందనం చెప్పి చేయి పెట్టాలని నాకు నేర్పిన మనిషి గురించి రాస్తున్నాను. అందుకే అక్కడే మొదలుపెట్టాను.

ఈ మధ్యాహ్నం అల్మారా పై అరలోంచి ఒక పాత పుస్తకం దించాను. బల్ల మీద దినపత్రిక పరిచి, మెత్తటి పొడిగుడ్డతో అట్ట తుడిచి తెరిచేసరికి ఆ వాసన వచ్చింది. వానాకాలంలో చెక్కపెట్టె మూత తీసినప్పటి చెమ్మ వాసన, దాంట్లో కొంచెం జిగురు, కొంచెం ఎండిన వేపాకు. కిటికీ అవతల నాచారం రోడ్డు మీద లారీలు మోత పెడుతూనే ఉన్నాయి కానీ, చిల్కానగర్‌లో సలోమి టీచర్ ముందుగది వచ్చి నా చుట్టూ నిలబడింది.

ఇంగ్లండులో పిల్లల వారపత్రికలవాళ్ళు ఏటా క్రిస్మస్‌కు ముందు గట్టి అట్టతో ఒక పెద్ద పుస్తకం వేసేవారట. దాన్ని యాన్యువల్ అంటారు. కథలు, బొమ్మల కథలు, చిక్కుప్రశ్నలు, కాగితంతో ఓడలు చేసుకునే పద్ధతులు, అన్నీ వేలికి అట్టముక్కలా తగిలే దళసరి కాగితం మీద. లోపలి మొదటి పేజీలో ఈ పుస్తకం ఎవరిదో రాసుకోమని ఒక గీత వదిలేవారు. సలోమి టీచర్ అలాంటి పాత యాన్యువల్స్ పోగుచేసేవారు. పెళ్ళి చేసుకోలేదు. మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక మా సంఘంలో సండే స్కూల్ నడిపేవారు. రెండు గదుల ఇంట్లో ఒక గది ఆమెది, ఒక గది ఆ పుస్తకాలది.

నేను జనగామ వైపు నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో, సండే స్కూల్‌లో ఆమెకు తోడుగా ఉండమని పాస్టరమ్మ నన్ను పంపింది. పాఠం ఎలా చెప్పాలో నేర్పుతారనుకుని వెళ్తే, సంచి చేతికిచ్చి “పా, యాదగిరి దుకాణం కాడికి పోయొద్దాం” అన్నారు. యాదగిరిది నాచారంలో పాత సామాన్ల దుకాణం. లాలాగూడలో ఉండే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇల్లు ఖాళీ చేసి ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నప్పుడు వాళ్ళ పుస్తకాలు అతని దగ్గరికి వచ్చేవి. టీచర్‌ను చూడగానే అతను నవ్వాడు.

“ఏందమ్మా, మనుమలు లేకపాయె, మనుమరాండ్లు లేకపాయె. గీ బొమ్మల బుక్కులన్నీ ఎవలికమ్మా?”

“నాకే రా. నీకేమన్న కడుపు నొస్తుందా?”

“నాకెందుకు నొస్తది? కిలోల లెక్కన జోకుడే నా పని.”

ఆమె పుస్తకం అట్ట చూడలేదు, బొమ్మలు చూడలేదు. ముందు ఆ పేరు రాసుకునే పేజీ తెరిచారు. గీత మీద వంకర అక్షరాలతో పీటర్ అని ఉంది. “దొరికిండు” అని సంచిలో వేశారు. ఇంకొకటి తళతళలాడుతూ కొత్తదానిలా ఉంటే, గీత ఖాళీగా ఉందని తిరిగి కుప్పలో పెట్టేశారు. యాదగిరి నా వైపు తిరిగి, “మంచిది వదిలి ఖరాబుది పట్టుకపోతది. నువ్వన్న జర చెప్పక్కా” అన్నాడు.

ఎందుకో నాకు ఆ ఆదివారం తెలిసింది. కథ చదివే ముందు ఆమె పిల్లల చేత ఆ పేరు చదివించి, ఆ బిడ్డ కోసం ప్రార్థన చేయించారు. ఎక్కడున్నా చల్లగా చూడమని, ప్రభువును ఎరిగేలా చేయమని, ఇంతే. ఆ తర్వాతే కథ. మా పిల్లలు చాలామంది నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. లోకంలో ఎక్కడో ఒక పీటర్, ఒక హెలెన్ తమ ప్రార్థన కోసం కాచుకుని ఉన్నారని వాళ్ళు నిజంగానే నమ్మారు. నేనూ నమ్మాను.

ఏఎస్ రావు నగర్ నుంచి మూర్తిగారని ఒకాయన వచ్చేవారు. కోస్తా మనిషి, రిటైరైన ఇంజినీరు, ఆయనకూ ఈ పుస్తకాల సేకరణే వ్యసనం. ఆయనకు గీత పడని కాపీ కావాలి. ఎవరూ నింపని చిక్కుప్రశ్న కావాలి. టీచర్ అల్మారా చూసి ప్రతిసారీ బాధపడేవారు.

“పెన్సిలు గీతలు, ఇంకు మరకలు, ఈ నక్కకు మీసాలు కూడా గీసేశారు చూడండి. ఏం చేసుకుంటారండీ వీటిని?”

“గీతల్లేకుంటే ఆ పిల్ల దాన్ని చదవనే లేదన్నట్టు గద సారూ. ఎవలూ చదవని బుక్కు తెచ్చుకొని నేనేం జేస్త?”

“మీతో వాదించలేనండీ బాబూ” అని ఆయన టీ తాగి వెళ్ళిపోయేవారు. మళ్ళీ వచ్చేవారు.

మా సంఘపెద్ద జీవరత్నం గారి మనుమరాలు ప్రిన్సీ మా తరగతిలోనే ఉండేది. ఒక సాయంత్రం అన్నానికి కూర్చుని ఆ పిల్ల ప్రార్థన చేస్తూ, అమ్మనూ నాన్ననూ తాతనూ పీటర్‌నూ దీవించమందట. “ఏ పీటరమ్మా? మన గల్లీల పాల పీటరా?” అని తాత అడిగితే, “కాదు తాతా, బుక్కుల ఉన్న పీటర్. మస్తు పాత పీటర్” అందట. ఆ మాట ఆయనకు నిద్ర లేకుండా చేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు చాపల మీద కూర్చుని టీచర్‌ను పిలిచారు. తోడుగా నేనూ వెళ్ళాను.

“టీచరమ్మా, ఆ పీటర్ ఎవలు?” అన్నారు జీవరత్నం గారు.

“బుక్కు వానిదన్నా. చిన్న పిల్లగాడు.”

“ఎప్పటి చిన్న పిల్లగాడు?”

ఆ పుస్తకం వయసు అక్కడ కూర్చున్న చాలామంది వయసుకంటే ఎక్కువ.

“బతికున్నడో లేడో నీకు తెల్వదు, నాకు తెల్వదు. పోయినోళ్ళ కోసం ప్రార్థన జేసుడు మనకు లేదు. రేపు గీ పిల్లలు సమాధుల కాడ మోకరిస్తే జవాబు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?”

ఆయన కోపంతో అనలేదు. భయంతో అన్నారు. నేను పుట్టి పెరిగిన విశ్వాసమూ అదే. ప్రాణం ఉన్నంతవరకే ఒకరి కోసం ఒకరు అడగగలం. ఆ తర్వాత వాళ్ళు పూర్తిగా ప్రభువు చేతుల్లో ఉంటారు, మన ప్రార్థన వల్ల వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. కాబట్టి ఆమె పక్షాన మాట్లాడటానికి నాకు బైబిల్లో వాక్యం దొరకలేదు. పెద్దలు తీర్మానం చెప్పారు. ఆ ప్రార్థన ఆగాలి, ఆ పుస్తకాలు తరగతిలోకి రాకూడదు. అలా కుదరదంటే తరగతి నాకు అప్పగించాలి. “వచ్చే ఆదివారం చెప్తనన్నా” అని టీచర్ లేచారు.

మధ్యలో ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మంచం నిండా పుస్తకాలు పరుచుకుని కూర్చున్నారు. పెద్దలను ఏమైనా అంటారని ఎదురుచూశాను, ఒక్క మాట అనలేదు.

“పెద్దన్న చెప్పింది తప్పు గాదు శాంతీ. గదే నా బాధ” అన్నారు. తనంతట తానే చెప్పుకొచ్చారు. “మా నాయిన మిషన్ బంగళాల వంట చేసేటోడు. ఆ దొరలు వాళ్ళ దేశం పోతుంటే, వాళ్ళ బిడ్డ గిసుంటి బుక్కు నా చేతుల పెట్టింది. లోపట దాని పేరు ఉండె, రోజ్‌మేరీ అని. కింద నన్ను రాయమన్నది. నాకు అప్పటికి పేరు రాసుడు సక్కగ రాదు. నా చెయ్యి పట్టుకొని రాయించింది. నేను చదువు నేర్సింది ఆ బుక్కుతోనే. ఒక వానకాలం గోడ కూలి అది తడిసి ముద్దయింది. బుక్కు పోయింది గని పేరు యాదికుంది. గప్పటిసంది పొద్దుగాల లేస్తే ఆ పిల్ల కోసం అడుగుత. ఒక్క రోజు ఇడిసిపెట్టలే. ఇప్పుడు ఉందో లేదో తెల్వదు గద, ఇడిసిపెట్టాల్నంటే…”

ఒళ్ళో ఉన్న పుస్తకంలో మార్గరెట్ అన్న పేరు మీద వేలు రాస్తూ ఉండిపోయారు. వేలు ఆ పేరు దాటి కిందికి జారి అక్కడే ఆగింది. “ఇక్కడ జాగ ఉంది సూడు” అన్నారు. నాకేమీ అర్థం కాలేదు.

ఆదివారం ఆమె ఆటోలో వచ్చారు. దుప్పట్లలో కట్టిన మూటలు దించుతుంటే జీవరత్నం గారి ముఖం మాడిపోయింది. టీచర్ ఆయన ముందే మూటలు విప్పి పిల్లలందరినీ పిలిచి తలా ఒక పుస్తకం చేతిలో పెట్టారు. ఒక జీవితమంతా వెతికి తెచ్చుకున్నవి. “మీదే. ఇంటికి తీస్కపోన్రి. ఆ పేరు కింద మీ పేరు రాయున్రి” అన్నారు. తర్వాత పెద్దాయన వైపు తిరిగారు.

“మీది పేరోళ్ళు ఉన్నరో పోయిన్రో నాకు తెల్వదన్నా. వాళ్ళ కోసం దేవునికి వందనం మాత్రం చెప్తం. కింది పేరోళ్ళయితే ఉన్నరు గద, కండ్ల ముందటనే. వీళ్ళ కోసం అడుగుతం.”

పిల్లలు నేల మీద బోర్లా పడి రాసుకుంటున్నారు. ప్రిన్సీకి పీటర్ పుస్తకమే వచ్చింది. గట్టిగా నొక్కి రాయబోతే దాని పెన్సిలు ముల్లు విరిగింది. ఏడుపు మొదలుపెట్టేలోపు జీవరత్నం గారు మెల్లగా కిందికి కూర్చుని, చొక్కా జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చారు. “గిదాంతో రాయి బిడ్డా. పెన్సిలైతే చెరిగిపోతది.”

మూర్తిగారికి ఈ సంగతి తెలిసి పరుగున వచ్చారు. “అన్నీ పంచేశారా? అయ్యో, పెన్నుతోనా!” అని ఖాళీ అల్మారా ముందు నిలబడిపోయారు. టీచర్ నవ్వి, “ఇల్లు ఊడ్చుడు అల్కగైంది సారూ, పని తగ్గింది” అన్నారు. కానీ ఆ ఖాళీ అరలను ఆమె చాలా రోజులు తుడుస్తూనే ఉన్నారు. నేను చూశాను. రోజ్‌మేరీ గురించి ఒకసారి అడిగితే, “అడుగుత లేను. వందనం చెప్తున్న. పొద్దుగాల గదే టైముకు” అన్నారు.

ఆ పంపకంలో నాకూ ఒకటి ఇచ్చారు, మార్గరెట్‌ది. “నేనేమన్న పిల్లనా టీచర్?” అంటే, “నా ముందట పిల్లవే. రాయి” అన్నారు. రాశాను. ఆ తర్వాత కూడా ఆమె యాదగిరి దుకాణానికి పోవడం మానలేదు. కొత్త బిడ్డ తరగతిలో చేరినప్పుడల్లా సంచి పట్టుకుని బయల్దేరేవారు. ప్రభువు ఆమెను పిలుచుకున్నాక ఆ సంచి నా దగ్గరికి వచ్చింది. నేను పనిచేసే క్లినిక్‌లో డ్యూటీ అయ్యాక నాచారం మీదుగా వస్తూ దుకాణం ముందు ఆగుతాను. ఈ మధ్య అలాంటి పుస్తకాలు రావడం లేదు. “అయిపోయినయక్కా. ఆ ఇండ్లే లేవు” అంటాడు యాదగిరి.

పోయిన వారం చెంగిచెర్ల నుంచి అక్షయ అనే పిల్ల తరగతిలో చేరింది. చేతులు వెనక్కి పెట్టుకుని, అందరి పుస్తకాల వంకా చూస్తూ నిలబడింది. అందుకే ఈ మధ్యాహ్నం మార్గరెట్ పుస్తకం దించాను. ఇవ్వడం సులువుగా లేదని దేవుని ముందు ఒప్పుకుంటున్నాను. చాలాసేపు వాసన చూస్తూ కూర్చున్నాను. కానీ మార్గరెట్ పేరు కింద నా పేరు, నా పేరు కింద ఇంకా జాగా ఉంది. రేపు ఆదివారం. పెన్ను ఇప్పుడే సంచిలో వేశాను.

చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. సలోమి టీచర్ కోసం ఏమీ అడగవద్దు, ఆమె ఇప్పుడు ప్రభువు దగ్గర, పై పేర్లలో చేరారు. ఆమె కోసం దేవునికి వందనం చెప్పండి చాలు. అడగవలసింది కింది పేరు కోసం. నాతో కలిసి చేతులు జోడించండి. ప్రభువా, రేపు తన పేరు రాసుకోబోయే అక్షయను చల్లగా చూడు, నిన్ను ఎరిగేలా చేయి. ఏదో ఒక రోజు తన పేరు కిందా జాగా ఉందని ఆ బిడ్డకు చూపించు. ఆమేన్ మీరు పలకండి.