పది లక్షల మూడు

మత్తయి మేష్టారికి ఈత రాదు. తొమ్మిదో ఏట, వాళ్ళ నాన్న దోనె కొల్లేట్లో బోల్తా పడడం గట్టు మీంచి చూశాడు. నాన్న మళ్ళీ తేలలేదు. అప్పట్నుంచీ మోకాలు దాటిన నీళ్ళలోకి అతను దిగలేదు. అలాంటివాడికి 1936 జూన్‌లో, కొల్లేటి నడుమ ఒక లంక ఊళ్ళో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. వేరే ఉద్యోగం లేదు. కైకలూరు వైపు గట్టు నుంచి రోజూ పడవవాడు జోగారావు తాటిదోనెలో గంటసేపు ప్రయాణం, సాయంత్రం మళ్ళీ గంట.

మొదటివారం కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మూసుకుంటే నాన్న కనబడేవాడు. అందుకని ఒక లెక్క పట్టుకున్నాడు. ట్రైనింగు స్కూల్లో ఎవరో అడిగిన సంఖ్య, పది లక్షల మూడు. ఒకటీ, తనూ తప్ప దాన్ని నిశ్శేషంగా భాగించేది ఇంకేదన్నా ఉందా? లేకపోతే అది ప్రధాన సంఖ్య. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. వెయ్యికి పైన ఒక భాజకం ఉంటే, దాని జోడీ వెయ్యి లోపే దొరకాలి. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది.

చేతులు దోనె అంచు వదలవు కాబట్టి అంతా నోటిలెక్కే. ఏడుతో భాగిస్తే నాలుగు మిగిలింది. పదకొండుతోనూ నాలుగే, పదమూడుతోనూ నాలుగే. పెద్దవాటి దగ్గర అలకి ఉలిక్కిపడితే లెక్క చెదిరిపోయి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

"ఏవండీ మేష్టారూ, రోజూ ఏం జపం చేస్తారండీ?" అని జోగారావు ఒకసారి అడిగాడు.

"లెక్కయ్యా. నన్ను పలకరించకు."

నవంబరులో వాయుగుండం పట్టింది. బడి ముందుగా వదిలేసి బయల్దేరారు. భాగించి చూడ్డానికి ఇంక మిగిలింది ఒక్కటే, తొమ్మిది వందల తొంభై ఏడు. సగం దూరం వచ్చేసరికి గాలి తిరిగింది. నీళ్ళు అంచు దాటి లోపల పడుతున్నాయి.

"మేష్టారూ, ఆ చెంబుతో తోడండి," అన్నాడు జోగారావు.

మత్తయి కదల్లేదు. తొమ్మిది వందల తొంభై ఏడు, వెయ్యిన్నీ మూడు సార్లు పోయింది. పన్నెండు మిగిలింది. అంటే పది లక్షల మూడుని ఏదీ భాగించదు, అది ప్రధాన సంఖ్యే.

సంతోషం రాలేదు. పట్టుకోడానికి తలలో ఇంకేమీ లేదు. కళ్ళు తెరిస్తే చీలమండల దాకా నీళ్ళు, చుట్టూ బూడిదరంగు నీళ్ళు. "నాన్నా," అన్నాడు.

"నేను గెడ వదిల్తే తిరగబడిపోద్దండీ. మీరే తోడాలి," అన్నాడు జోగారావు, గొంతు పెంచకుండా.

మత్తయి వేళ్ళు ఒక్కొక్కటే అంచు మీంచి ఊడదీసుకున్నాడు. ఏడుస్తూ తోడాడు. గట్టు తగిలాక కూడా తోడుతూనే ఉంటే, జోగారావు చెంబు లాక్కోవలసి వచ్చింది.

మూడు రోజులు ఇల్లు కదల్లేదు. నాలుగో రోజు జోగారావే గుమ్మంలోకి వచ్చాడు. "పిల్లలు మీ కోసం అడుగుతున్నారండీ. మీ లెక్క ఎంతవరకూ వచ్చిందండీ?"

"అయిపోయింది."

"ఇంకోటి పెట్టుకోండి మరి."

మత్తయి ప్రయత్నించాడు కానీ ఏ సంఖ్యా నిలవలేదు. చివరికి దోనెలో జోగారావుని కబుర్లు చెప్పమన్నాడు. జోగారావు చేపల గురించీ, పెళ్ళాం గురించీ చెబుతుంటే, ఊఁ కొడుతూ, అంచు పట్టుకుని కూర్చునేవాడు. 1939లో దెందులూరుకి బదిలీ అయ్యేదాకా ఒక్కరోజు కూడా భయం తగ్గలేదు. బడి మాత్రం మళ్ళీ మానలేదు.