కత్తి మీద సగం వేలి గుర్తు

ఇది అక్షరాలా నిజం. మా ఆవిడ జయ మీద ఒట్టు. నేను ఏం చెప్పినా సగం తీసేసి వినాలని లండన్ వెంబ్లీలో నా స్నేహితులు అంటుంటారు. ఈసారికి ఏమీ తీసేయకండి. దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు.

2004లో లండన్‌కి కాస్త దూరంలోని మిల్టన్ కీన్స్‌లో ఉండేవాళ్లం. నాకు చైనా కత్తుల నకళ్లు కొనే పిచ్చి ఉండేది. పాతవాటిని చూసి ఈమధ్య తయారుచేసినవే అన్నీ. ఒక్క యుద్ధమూ చూసినవి కావు. దెయ్యం పట్టడానికి కూడా అర్హత లేని కత్తులు.

వాటిని పట్టుకోవడం నేర్పింది వాంగ్ మాస్టారు. ఒకప్పుడు భోజనం కట్టి ఇచ్చే టేక్‌అవే నడిపి, రిటైరయ్యాక శనివారాలు ఊరి ఆటల కేంద్రమైన లెజర్ సెంటర్‌లో కత్తి సాధన నేర్పేవారు. వంటగదిలో జరిగిన ప్రమాదంలో ఆయన కుడి చూపుడు వేలు సగమే మిగిలింది. ఆయన నియమం ఒక్కటే: ఉత్త చేత్తో ఉక్కును తాకకూడదు. చెమట తగిలిన చోట తుప్పు పడుతుంది.

ఆ ఏడాది ఆయనకు జబ్బు ముదిరింది. ఇక చేసేదేమీ లేదని హాస్పిటల్ వాళ్లు ఇంటికి పంపేశారు. ఒక మంగళవారం నాకు ఫోన్ చేశారు. నేను కొత్తగా కొన్న రెండంచుల కత్తిని ఒక్కసారి పట్టుకుని చూడాలని ఉందన్నారు. ఆయన ఫ్లాట్ కారులో పది నిమిషాల దూరం. శనివారం తెస్తానన్నాను.

ఇక్కడ మనవాళ్లం పండుగలన్నీ వీకెండ్‌కి జరుపుకుంటాం. ఆ శనివారం మా ఇంట్లో దసరా, ఇరవై మందికి భోజనాలు. ఏటా ఆయుధపూజకు కారు తాళాలు, లాప్‌టాప్ పెట్టే జయ ఆసారి కొత్త కత్తిని పెట్టింది. నేను చూసేసరికి తడి కుంకుమ అద్దేసింది.

"ఉక్కుకి తడి తగలకూడదు జయా! తుప్పు పడుతుంది."

"అమ్మవారి కుంకుమకి తుప్పేంటండీ? ఇంతకీ ఇవాళ మీ చైనా అంకుల్ దగ్గరికి వెళ్తానన్నారుగా?"

"ఇంతమందిని వదిలేసి ఎలా వెళ్లను? రేపు వెళ్తాలే."

"పోనీ, ఫోనన్నా చేసి చెప్పండి."

చేయలేదు. ఎలాగూ రేపు వెళ్తాను కదా అనుకున్నాను.

ఆదివారం పొద్దున నూనె, గుడ్డ తీసుకుని కూర్చున్నాను. బొట్టు పెట్టిన చోట తుప్పు చుక్క కనిపించింది. అది అనుకున్నదే. దానికి జానెడు దూరంలో, ఎవరో కత్తిని వేళ్ల మీద ఆనించుకుని చూసినట్టు, నాలుగు తుప్పు మరకలు. మూడు నిండు వేళ్లవి. చూపుడు వేలిది సగమే.

జయ వేళ్లు ఆనించి చూశాను. నావీ చూశాను. సరిపోలేదు. భోజనాలకు వచ్చిన వాళ్లందరి వేళ్లూ సలక్షణంగానే ఉన్నాయి. మాస్టారు ఏనాడూ మా ఇంటి గడప తొక్కలేదు.

వెంటనే కత్తిని దుప్పట్లో చుట్టి ఆయన ఫ్లాట్‌కు తీసుకెళ్లాను. మంచం మీద కూర్చుని ఆ మరకల మీద తన వేళ్లు ఆనించారు. అచ్చంగా సరిపోయాయి. కత్తిని పాడుచేశానని నన్ను తిట్టి, పకపకా నవ్వారు. ఆ వారంలోనే పోయారు.

ఆ మరకలు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

జయ మీద ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకుంటాను. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. మరకలు కాదు. అవి అలాగే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

కత్తిని తీసుకెళ్లడం కల్పన. ఆ ఆదివారం నూనె గుడ్డ నా చేతిలో ఉండగానే మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. నాన్న నిన్న సాయంత్రం పోయారని చెప్పింది. కత్తి వస్తుందని పొద్దున్నే చేతులు కడిగించుకుని, రోజంతా తలుపు వైపే చూస్తూ కూర్చున్నారట.