ఖాళీ పేజీ అడుగున

మా పంచాయతీ ఆఫీసులో తీర్మానాల పుస్తకం ఒకటుంది. ముందు సంతకాలు, తర్వాత తీర్మానం, ఇదీ మా ఊరి పద్ధతి. జనం పేజీ అడుగున సంతకాలు పెట్టి వెళ్ళిపోతారు. పైన ఏం రాయాలో సెక్రటరీ తీరిగ్గా రాసుకుంటాడు. బడిపంతులుగా ముప్పై ఏళ్ళు నేనూ అలాగే పెట్టాను. తల్చుకుంటే నా మీద నాకే రోత.

లిడియా నా దగ్గర చదువుకున్న పిల్ల. బ్రాడీపేటలో కోచింగ్‌కి వెళ్ళి, సగంలో మానేసి వచ్చి, తల్లితో మిరపకోతలకు పోతూ పోతూనే వార్డు మెంబరుగా నిలబడి గెలిచింది. ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళ కాలనీలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, నోట పెట్టలేం. ఆడవాళ్ళు బిందెలతో రోడ్డు దాటి మంచినీళ్ళు తెచ్చుకుంటారు. కాలనీకి పైపు వేయించాలన్నది ఒక్కటే ఆ పిల్ల పంతం.

ఫిబ్రవరిలో, యువతతో గ్రామసభ పెట్టమని పైనుంచి ఆర్డరు వచ్చింది. కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, పొద్దున పదకొండింటికి పెట్టారు మహానుభావులు! అయినా లిడియా ఇల్లిల్లూ తిరిగి ఇరవై మంది పిల్లల్ని కోత మాన్పించి తీసుకొచ్చింది.

మా సర్పంచి సుబ్బరావమ్మ. ఆమె కుర్చీలో కూచునేది మాత్రం మొగుడు చెంచురామయ్య. ఆ రోజూ ఆయనే కూచున్నాడు. బ్యానరు కట్టారు, తలా ఒక సమోసా పంచారు, ఫోటో తీశారు, పుస్తకం తిప్పారు. అందరికంటే ముందు లిడియా సంతకం పెట్టింది.

"మరి పైపు సంగతండీ?" అంది.

"రాస్తాంలేమ్మా, నువ్వు చెప్పాక రాయకుండా ఉంటామా?" అన్నాడు చెంచురామయ్య మూతి తుడుచుకుంటూ. సభ పట్టుమని పావుగంట జరగలేదు.

ఉగాది దాటాక పైపు కోసం తవ్వకం మొదలైంది. కాలనీ వైపు కాదు, చెంచురామయ్య అమ్మకానికి పెట్టిన ప్లాట్ల వైపు. అక్కడ రంగులేసిన సరిహద్దు రాళ్ళు తప్ప ఇల్లు ఒక్కటి లేదు. లిడియా పరుగున వెళ్ళి అడిగితే సెక్రటరీ పుస్తకం తెరిచి చూపించాడు. 'గ్రామ యువత కోరిక మేరకు' అని మొదలెట్టి ప్లాట్లకు పైపు వెయ్యాలని రాసుంది. కింద మొదటి సంతకం లిడియాదే.

"సమోసాకి అమ్ముడుపోయావా ఏమే?" అని పక్కింటి రెబ్కా మొహం మీదే అడిగిందట. ఆ మాట చెబుతూ లిడియా నా ముందు ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లల్ని పిలిచి, కూర్చోబెట్టి, తినిపించి, వాళ్ళ పేరు చెప్పి వాళ్ళ నీళ్ళే లాక్కున్నారు. థూ! ఆగస్టు పదిహేనున జెండా కింద నిలబడి, యువత ముందుకు రావాలని ఉపన్యాసాలిచ్చేదీ వీళ్ళే.

తర్వాతి సభకి నేనూ వెళ్ళాను. పిల్లలు నలుగురే వచ్చారు. రానివాళ్ళని నేను తప్పుపట్టను. బ్యానరు, సమోసాలు, ఫోటో మామూలే. పుస్తకం చేతికి రాగానే లిడియా పేజీ మొదటి లైనులో 'కాలనీకి మంచినీళ్ళ పైపు వెయ్యాలి' అని రాసింది. దాన్ని ఆనుకునే, వేలెడు సందు కూడా వదలకుండా సంతకం పెట్టింది.

"రాసేది సెక్రటరీగారమ్మా, నువ్వు కాదు! పుస్తకం పాడు చేశావ్!" చెంచురామయ్య కేకేశాడు.

"మా వార్డు మాట మేమే రాసుకుంటామండీ," అంది.

నలుగురు పిల్లలూ ఆమె సంతకం కిందే వరసగా సంతకాలు పెట్టారు. పుస్తకం నాదాకా వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని పెన్ను తీశాను. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి తిన్నగా పేజీ అడుగుకే పోయింది.

లిడియా నా మణికట్టు పట్టుకుని పైకి జరిపింది.

"కింద కాదు మాస్టారూ, ఇక్కడ."