తొంభై ఎనిమిదిలో పట్టిన పురుగులు

నాకు అక్షరాలు అరవై రెండో ఏట వచ్చాయి. గుడి పక్క రేకుల షెడ్డులో, ఆదివారాలు, రిటైరైన ఒక ఎస్టేటు గుమాస్తా నేర్పేవారు. తెలుగు ఒక్కటే నేర్పారు, అదీ విసుక్కుంటూ. నేను ఒత్తులు మింగేసేదాన్ని. నోట్లో ఉన్న ఒత్తు కాగితం మీద ఏదమ్మా అని రోజూ గొణిగేవారు. నోట్లోనూ లేదని ఆయనకు చాన్నాళ్ళు తెలియదు. మా ఎస్టేటు కూలీల లైను ఇళ్ళల్లో ఎవరి నోట్లోనూ లేదు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాత వల్ల నా మనవరాలి చదువు ఒక ఏడాది వెనక్కి పోబోయింది.

మనవరాలంటే నా కూతురి కూతురు. పోర్ట్ క్లాంగ్ రేవు పట్నంలో పెరిగిన పిల్ల. యూనివర్సిటీలో పురుగుల చదువు చదువుతోంది. చివరి ఏడాది ఒక పని సొంతంగా చేసి చూపించాలట. అది ఎంచుకున్నది రియాంగ్-రియాంగ్. మలయ్ వాళ్ళ పేరు అది. పొద్దు వాలే వేళ చెట్టుకు అంటుకుని, చెవిలో రంపం ఆడించినట్టు కూసే పురుగు. తెలుగులో దాన్నేమంటారో నాకు తెలియదు. కీచురాయి మాత్రం కాదు, అది నేల మీద గెంతుతుంది. మా అమ్మ కూతపురుగు అనేది. నాకు ఆ పేరు చాలు.

దీని పిల్ల ఏళ్ళ తరబడి మట్టిలో ఉండి వేళ్ళ రసం తాగుతుందనీ, ఎదిగాక పైకి వచ్చి చెట్టు మొదట్లో తోలు విడిచి ఎగిరిపోతుందనీ మనవరాలు నాకు పాఠం చెప్పింది. తోలు సంగతి అది పుట్టకముందే నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ ఖాళీ తోళ్ళను గౌన్లకు తగిలించుకుని నగలని మురిసేవాళ్ళం.

సుంగై సుమున్ దగ్గర మేము పనిచేసిన పామాయిల్ ఎస్టేటులోనే పురుగులు పట్టాలని అనుకుంది. మేనేజరు దగ్గర అనుమతి కాగితం కూడా తెచ్చుకుంది. అయితే వారమంతా క్లాసులు. శనివారం బస్సులో తెలుక్ ఇంటాన్ దాకా వచ్చి, అక్కణ్ణించి ఇంకో బండి పట్టుకుని ఇల్లు చేరేసరికి పురుగులు కూత ఆపేసేవి. ఖాళీగా ఉన్నదాన్ని, మిగతా రోజులు నేను పడతానన్నాను.

పనస పాలు గెడ చివర పూసి పట్టడం నాకు చిన్నప్పటి విద్య. చేసి చూపిస్తే మొహం చిట్లించింది. ఇక్కడి అందరిలాగే మాట చివర ‘లా’ తగిలించడం దానికి అలవాటు.

"బంక వద్దు లా అమ్మమ్మా. రెక్క పోద్ది."

"నీ వల నా నెత్తి దాటదు. సెట్టు మీదకి ఎవుడెక్కుతాడే?"

చివరికి అది తెచ్చిన వలను నా గెడకు కట్టాం. పట్టిన పురుగును మందులో తడిపిన దూది ఉన్న సీసాలో వేసి, కదలిక ఆగాక కాగితం పొట్లంలో పెట్టాలి. పొట్లం మీద ఎక్కడ పట్టానో, ఏ రోజు పట్టానో రాయాలి. ఆ రెండూ లేకపోతే పురుగు ఉన్నా లేనట్టేనని మరీ మరీ చెప్పింది. రాయడమంటే నాకు సరదా. అంకెలు వేస్తే చాలు కదా, కానీ అంకెలు నాకు ముందునుంచీ వచ్చు, అందులో గొప్పేముంది? అన్నీ అక్షరాల్లోనే రాశాను. నలభై పైగా పొట్లాలు, బిస్కెట్ల డబ్బా నిండా.

వాటిని పట్టుకెళ్ళిన వారానికి ఫోను చేసింది. వాళ్ళ మాస్టారు డబ్బా మొత్తం పక్కన పెట్టేశారట. దానికి తెలుగు చదవడం రాదు కనుక ఫోనులో ఫొటో తీసి చదివించిందట. ఒక్క పొట్లం మీద కూడా ఊరూ చోటూ లేదని తేలింది. కూత కాలం అయిపోయింది కాబట్టి మళ్ళీ మొదలుపెట్టాలంటే వచ్చే ఏడాదే.

"అమ్మమ్మా, నిజం సెప్పు. పాత పురుగులు ఏటైనా ఎట్టినావా?"

"పురుగుల్ని దాసుకోడానికి అవేటి ఊరగాయేటే?"

"కాయితం మీద తొంబై ఎనిమిది, నాలుగో నెల, పన్నెండు అని ఉంది. తొంబై ఎనిమిదికి నేను పుట్టలేదు లా."

నాకు ముందు కోపం వచ్చింది, తరవాత నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే అది ఏడ్చింది. దాంతో నవ్వు ఆపి చెప్పాను.

"అది ఏడాది కాదే. తోట."

మా ఎస్టేటులో తోటలకు వేరే పేర్లు లేవు. ఏ ఏడాది మొక్కలు నాటితే ఆ ఏడాదే దాని పేరు. రేపు నీకు తొంబై ఎనిమిదిలో పని అంటే అందరూ కాలవ పక్క తోటకు పోయేవారు. మా ఇంటాయనకు పాము కరిచింది ఎనబై ఒకటిలో. అంటే ఆ తోటలో, ఆ ఏడాది కాదు. నేను పొట్లం మీద చోటు రాశాను, కింద నెలా తేదీ రాశాను. ఏడాది రాయలేదు, ఈ ఏడాదేనని అందరికీ తెలుసు కదా అని. మూడూ కలిపి చదివితే తాతల నాటి పురుగులైపోయాయి.

ఇది ఫోనులో చెబితే సరిపోలేదు. మాస్టారు తన కళ్ళతో చోటు చూడాలన్నారు. శనివారం పొద్దున్నే కారులో మనవరాలితో వచ్చారు. మలయ్ ఆయన, నెమ్మదస్తుడు. నన్ను మక్‌చిక్ అని పిలిచారు, పిన్నిగారూ అన్నట్టు. నేను ఒక్కో పొట్లం పైకి చదువుతూ ఆ తోటకు తీసుకెళ్ళాను. మనవరాలు పక్కన రాసుకుంది, ఆయన ఫోనులో చోటు గుర్తు పెట్టుకున్నారు. రెండు పొట్లాల దగ్గర ఆగిపోయాను. అవి రెండు తోటల మధ్య కాలవ గట్టున పట్టినవి, ఏ తోట పేరు రాశానో ఎందుకు రాశానో నాకే గుర్తు లేదు. ఈ రెండూ నమ్మవద్దు, పారేయండి అన్నాను. మనవరాలు నా వైపు గుడ్లురిమి చూసింది. ఆయన మాత్రం ఆ తరవాత నన్ను ఏదీ రెండోసారి అడగలేదు.

తిరిగి వస్తూ ఒక మాట అడిగారు. అన్ని తోటల పొట్లాలూ ఉన్నాయి, రెండువేల పద్దెనిమిదిలో తిరిగి నాటిన పద్దెనిమిది తోటది ఒక్కటీ లేదేమని. అక్కడ కూత ఉండదు కాబట్టి పోలేదన్నాను. పాత చెట్లు కూల్చి యంత్రంతో నేల తిరగేసి మళ్ళీ నాటుతారు. మట్టిలో పిల్లలుంటే ఏం మిగులుతాయి? మళ్ళీ ఎన్నేళ్ళకు కూత మొదలవుతుందని అడిగారు. ఏళ్ళు నేను లెక్కపెట్టలేదు. తెలిసిందే చెప్పాను. చెట్లు పొట్టిగా ఉండి గెలల్ని ఉలితో పొడిచి దింపే వయసులో ఏ తోటలోనూ కూత వినలేదు. గెడకు కొడవలి కట్టి కోసే ఎత్తుకు ఎదిగాకే విన్నాను.

ఆయన కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని చాలాసేపు రాశారు. డబ్బాను లెక్కలోకి తీసుకుంటానన్నారు. ప్రతి పురుగు కిందా చోటు వేరే రాసి, తోట నాటిన ఏడాది ఇంకో వరుసలో రాయమని మనవరాలితో చెప్పారు. అది కారెక్కేముందు నా గెడ నుంచి వల విప్పబోయి, ఏమనుకుందో, మళ్ళీ ముడి వేసింది.

మొన్న నన్ను యూనివర్సిటీకి తీసుకెళ్ళి సొరుగు లాగి చూపించింది. నా పురుగులు సూదులకు గుచ్చి వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద ఇంగ్లీషు అక్షరాల చీటీ, దాని కింద నేను రాసిన ముక్క కత్తిరించి పెట్టారు. కళ్ళజోడు పెట్టుకుని వంగి చదివాను. తొంబై ఎనిమిది.

"కలం ఇయ్యే. ఒత్తు మర్సిపోనాను."

"సూది కదిపితే కాలు ఊడిపోద్ది అమ్మమ్మా. ఒత్తు అంటే ఏటి?"

బ కాదు భ, గాలి బయటికి రావాలి అని అరచెయ్యి దాని నోటి ముందు పెట్టాను. నాకు నేర్పినాయన చేసినట్టే. రెండుసార్లు అని చూసింది. దాని నోట్లోనూ లేదు. సొరుగు మూసేయమన్నాను.