చక్కెర తిని పండుకున్న బాక్టీరియా

ఆ రోజుల్లో నన్నెవరైనా "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగితే "మట్టి" అని చెప్పేదాన్ని. అడిగినవాళ్లు నవ్వేవాళ్లు, వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని గానీ, లోపల మాత్రం ఆ ఒక్క మాటకు నాకు కొండంత గర్వం ఉండేది. రెండువేల ఎనిమిదో తొమ్మిదో సంవత్సరం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిని. మనం మింగే యాంటీబయాటిక్ మందుల్లో చాలావాటిని మొదట తయారుచేసింది మనుషులు కాదు, మట్టిలో బతికే బాక్టీరియాలు. అందుకని ఊరూరి మట్టీ తెచ్చి, అందులోని బాక్టీరియాలను గాజు పళ్లేల్లో పెంచి, అవి పక్క సూక్ష్మజీవులను చంపుతాయో లేదో చూడటం పాత పద్ధతి. అప్పుడప్పుడే మా దాకా వచ్చిన కొత్త పద్ధతి ఇంకొకటి ఉంది. బాక్టీరియా జన్యువులన్నీ చదివించి, మందులాంటి పదార్థాలు తయారుచేయగల జన్యువులు ఎక్కడెక్కడ గుంపుగా ఉన్నాయో కంప్యూటర్లో వెతకడం. మా సార్ దీన్ని "వంట రుచి చూసే ముందు వంటల పుస్తకం చదవడం" అనేవారు. దాని అసలు పేరు జీనోమ్ మైనింగ్. ఈ పేరు వినగానే అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు మణుగూరు బొగ్గుగనిలో పనిచేసే మా మామ. "అయితే మనిద్దరిది ఒకటే డ్యూటీ అన్నట్టు!" అన్నాడు. నేను కాదనలేదు. కాదనకపోవడం ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊరికి మట్టి కోసం వెళ్లాం. ఊళ్లోకి ఆడపిల్ల ఒక్కతే పోతే బాగుండదని మామ తోడొచ్చాడు. పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడేమో, కాళ్లకు గని బూట్లు, చేతిలో గని టోపీ. నేను ఒక చెట్టు మొదట్లో కూర్చుని, ఆకుల పొర పక్కకు తోసి, స్పిరిట్‌తో తుడిచిన చెంచాతో మట్టి తీసి కవర్లలో పోస్తున్నాను. తలెత్తి చూసేసరికి పదిమంది చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో ఏదో అనుకుంటున్నారు. అందరికంటే ముందు ఒక అవ్వ, చేతులు నడుం మీద పెట్టుకుని.

"ఏం తీస్తున్నవ్ పిల్లా?"

"మట్టి అవ్వా. చదువు కోసం."

"మట్టి తీసినోళ్లు మళ్ల వస్తరు. మిషన్ తెస్తరు. అటెన్క మమ్మల్ని లెవ్వుమంటరు. గిట్లనే అయింది మా చెల్లె ఊర్ల."

ఆ భయం ఉత్తది కాదని నాకు తెలుసు. చుట్టుపక్కల బొగ్గు పడిన ఊళ్లు కొన్ని నిజంగానే ఖాళీ అయ్యాయి. సరిగ్గా అప్పుడు మా మామ పరిస్థితిని చక్కదిద్దుదామని ముందుకొచ్చి, నవ్వు ముఖంతో, ఊరందరికీ వినపడేలా, "ఏం భయపడకుర్రి! మా పిల్లది గూడ మైనింగే!" అన్నాడు.

తర్వాతి పావుగంట సంగతి వివరంగా రాయలేను. కవర్లు లాక్కున్నారు, మామ టోపీ లాక్కున్నారు, నా చెంచా కూడా లాక్కున్నారు. (చెంచాతో ఎవరూ బొగ్గు తవ్వరు కదా అని నేను చేసిన వాదన ఎవరి చెవికీ ఎక్కలేదు.) చివరికి నేను నేల మీద చతికిలబడి, ఏడుపు గొంతుతో, మట్టిలో కంటికి కనపడని పురుగులుంటాయనీ, వాటిలో కొన్ని మందులు తయారుచేస్తాయనీ, నాకు కావలసింది ఆ పురుగులేననీ అవ్వకు చెప్పుకున్నాను. అవ్వ నడుం మీది చేతులు దించింది.

"కనపడని పురుగుల కోసం గింత దూరం వచ్చినవా?"

"అవ్ అవ్వా."

"మా ఇంట్ల కనపడేటివే మస్తున్నయ్. అవి గూడ తీస్కపో," అంది. జనం గొల్లుమన్నారు. కవర్లు వెనక్కి వచ్చాయి. మామ టోపీ మాత్రం ఒక చిన్నపిల్ల తల మీంచి రావడానికి ఇంకో పావుగంట పట్టింది.

ఆ మట్టిలోంచి పట్టిన బాక్టీరియాల్లో ఒకటి నాకు ప్రాణమైపోయింది. పళ్లెంలో తెల్లగా, సుద్దపొడి చల్లినట్టు పెరిగేది. మూత తీస్తే తొలకరి వాన వాసన. ల్యాబులో వాళ్లంతా వచ్చి వాసన చూసి పోయేవాళ్లు. ఆ వాసన తప్ప దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. దేని పక్కన పెట్టినా దాన్ని ఏమీ అనేది కాదు. సార్ దానికి "సోమరి" అని పేరు పెట్టారు. అయినా నా పోరు పడలేక, జన్యువులు చదివే వేరే ల్యాబుకు దాన్ని పంపించారు. నెలల తర్వాత ఒక సీడీ వచ్చింది. వారంపాటు కంప్యూటర్ ముందు కూర్చుని వెతికితే తేలిన సంగతి ఇది. ఆ సోమరి దగ్గర మందులాంటి పదార్థాలు చేయగల జన్యువుల గుంపులు, నా చేతి వేళ్లూ కాలి వేళ్లూ అన్నీ కలిపి లెక్కపెట్టినా చాలనన్ని ఉన్నాయి! అందులో ఒక గుంపు లాంటిది అప్పటికి ఎవరూ చూసినట్టు లేదు.

నేను వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాను. ఎదురొచ్చిన అటెండరు చేతిలో ఫైళ్లు ఎగిరిపడ్డాయి. ఆ ఊపులోనే మామకు ఫోన్ చేసి, "మామా! దొరికింది! మన పినపాక మట్టిలో ఎన్ని మందులున్నాయో తెలుసా!" అని అరిచాను. శాస్త్రీయంగా చెప్పాలంటే నేనప్పుడు అనాల్సింది "మందులాంటివి కావచ్చునేమో అనిపించే పదార్థాలు చేయగల సామర్థ్యం ఉండొచ్చునని కంప్యూటర్ అంటోంది" అని. అంత పొడుగు మాట ఫోన్లో సంతోషంగా అరవడానికి వీలుకాదు.

మామ ఆ సాయంత్రమే క్యాంటీన్లో చెప్పాడు. క్యాంటీన్ నుంచి కాలనీకి, కాలనీ నుంచి సంతకు, సంత నుంచి అడవి ఊళ్లకు ఆ మాట పాకిపోయింది. పోతూ పోతూ బలం పుంజుకుంది. నాలుగో రోజు మామ నుంచి ఫోన్.

"బిడ్డా, జల్దీ రా. ఇంటి ముందర లైన్ కట్టిన్రు."

"ఎవరు మామా?"

"అందరు. షుగరోళ్లు, మోకాళ్ల నొప్పులోళ్లు. మట్టి మందు కనిపెట్టిన డాక్టరమ్మ ఎప్పుడొస్తదని అడుగుతున్రు. మీ అత్త తలుపేసుకుని బయటికొస్తలేదు."

మణుగూరు బస్సులో కూర్చున్నంతసేపూ నవ్వొచ్చింది. బస్సు దిగి ఇంటి ముందు చూసేసరికి ఆ నవ్వు పోయింది. జనం నిజంగానే ఉన్నారు. కొందరి చేతుల్లో వాళ్ల పెరటి మట్టి కవర్లు. "మాది గూడ చూడమ్మా, మా మట్టి ఇంకా నల్లగుంటది," అన్నాడొకాయన. ఒకామె మాత్రం మట్టి తేలేదు. బిడ్డ దవాఖానా కాగితాలు తెచ్చింది. వాటిని రెండు చేతులా పట్టుకుని ఏమీ అడగకుండా నిలబడింది. అంత సిగ్గు నా జీవితంలో అంతకుముందు పడలేదు. మెట్టు మీద నిలబడి అందరికీ చెప్పాను. ఇంకా మందు లేదు. బాక్టీరియా దగ్గర వంటల పుస్తకం మాత్రమే ఉంది, అది ఇంతవరకూ ఒక్క వంటా చేయలేదు. నేను తొందరపడి అరిచాను, తప్పు నాది. ఆమె దగ్గరకు వెళ్లి, బిడ్డను చూపించిన దవాఖానా మానొద్దని చేతులు పట్టుకుని చెప్పాను. ఆమె తలూపి కాగితాలు మడిచి కొంగులో పెట్టుకుంది.

గుంపులోంచి తెలిసిన గొంతు వినిపించింది. పినపాక అవతలి అవ్వ! ఊరు లేపుతారా లేదా కనుక్కుపోదామని జీపెక్కి వచ్చిందట.

"దానికి ఏం పెడ్తున్నవ్?"

"దేనికి అవ్వా?"

"గా పురుగుకు."

"చక్కెర నీళ్లు, బలమైనవి ఇంకా కొన్ని."

"ఎన్ని పూటలు?"

"ఎప్పుడూ అందులోనే ఉంటుంది."

అవ్వ అందరి వైపూ తిరిగింది. "ఎప్పటికి చక్కెర నీళ్లల్ల ఉంచితే నేను గూడ పండుకుంట. ఏ పని జెయ్య!"

అంతసేపూ గంభీరంగా ఉన్న జనం ఒక్కసారి పకపకా నవ్వారు. తలుపు సందులోంచి అత్త నవ్వు కూడా వినిపించింది. అవ్వ నాకేదో జ్ఞానబోధ చేసిందని కాదు, ఆమె ఎగతాళే చేసింది. నేను వాళ్లతో కలిసి నవ్వలేకపోవడానికి కారణం వేరే ఉంది. తిండి మరీ దండిగా ఉంటే బాక్టీరియాలు ఇలాంటి పదార్థాలు తయారుచేయడం తగ్గించేస్తాయన్న సంగతి సెమినార్లో బొమ్మలు వేసి మరీ చెప్పినదాన్ని నేనే! చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఆ సెమినార్ నుంచి తిరిగి ల్యాబుకు పోయి, ఇన్నాళ్లూ నా బాక్టీరియాకు దోసిళ్లతో చక్కెర పోస్తూ వచ్చాను.

ఈసారి ల్యాబుకు చేరగానే సోమరికి చక్కెర బంద్ చేశాను. పలచటి జొన్న గంజి, అడవి ఆకులు నానబెట్టి వడగట్టిన నీళ్లు, అంతే. సార్ ఆ సీసా చూసి, "దీన్ని పస్తులుంచుతున్నావా, పథ్యం పెడుతున్నావా?" అన్నారు. వారం గడిచింది, ఏమీ లేదు. నా ఫెలోషిప్ గడువు దగ్గరపడింది. ఈసారి కూడా ఏమీ తేలకపోతే దీన్ని వదిలేసి వేరే పని చూసుకోమని సార్ మెత్తగానే చెప్పారు. ఆ మర్నాడు పొద్దున పళ్లెం తీసి వెలుతురుకు పట్టి చూశాను. సోమరి చుట్టూ, పక్క బాక్టీరియా ఒక్కటీ పెరగని గుండ్రటి ఖాళీ! అద్దంలా నిర్మలంగా ఉంది. నేను కేక పెట్టి స్టూలెక్కాను. (ఎందుకెక్కానో ఇప్పటికీ తెలియదు.) సార్ పరుగున వచ్చి, పళ్లెం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూసి, "ముందు స్టూలు దిగు, పళ్లెం జాగ్రత్త," అన్నారు. ఈసారి నేను ఫోన్ మాత్రం ఎవరికీ చేయలేదు.

చేయకపోవడమే మంచిదైంది. పరీక్షలకు పంపితే, ఆ ఖాళీ చేసిన పదార్థం నేను పుట్టకముందే ఎవరో ఎక్కడి మట్టిలోనో కనిపెట్టినదని తేలింది. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు సార్ పిలిచి, సీసాలోని ఒక్కో పదార్థం బరువూ ఒక్కో గీతగా పడే అదే పరీక్ష కాగితంలో ఒక మూల, పెద్ద గీత పక్కన, ఎవరూ పట్టించుకోని చిన్న గీత చూపించి, "దీని బరువు నీ కంప్యూటర్ చెప్పిన కొత్త గుంపుతో సరిపోతుందేమో చూడు," అన్నారు. సరిపోయింది! ఆ జన్యువులు చేస్తాయని కాగితం మీద మేం ఊహించిన పదార్థమే సీసాలో ఉంది. అది ఏ సూక్ష్మజీవినీ పెద్దగా చంపదు, మందు అవుతుందన్న నమ్మకమూ లేదు. అయినా అప్పటివరకూ లోకంలో ఎవరూ చూడనిది. "బక్కగా ఉన్నా మన పిల్లే," అన్నారు సార్.

ఆ వారమే మళ్లీ పినపాక వెళ్లాను. ఈసారి మామ బూట్లు ఇంట్లోనే వదిలి చెప్పులేసుకుని వచ్చాడు. అవ్వ గుమ్మంలో కూర్చుని చీపుర్లు కడుతోంది. జరిగిందంతా చెప్పాను.

"మందైతదా?"

"ఇప్పుడప్పుడే కాదవ్వా."

"ఎప్పుడైతది?"

"తెల్వదు. కాకపోవచ్చు గూడ."

అవ్వ చీపురు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "మరి గంత ఖుషీ ఎందుకే నీకు?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. తిరుగు ప్రయాణంలో జీపు వెనక సీట్లో, గుంతలు వచ్చినప్పుడల్లా ఎగిరిపడుతూ, మణుగూరు వచ్చేదాకా ఊరికే నవ్వుతూనే ఉన్నాను. ముందు సీట్లోని మామ అద్దంలో నన్ను చూసి తల కొట్టుకున్నాడు. ఆ చిన్న గీత ఇంతవరకూ మందు కాలేదు. ఆ తర్వాత ఎన్ని సీసాల్లో ఏమీ తేలలేదో, పత్రికలకు పంపిన ఎన్ని వ్యాసాలు తిరిగొచ్చాయో ఆ జీపులో ఉన్న అప్పటి నాకు తెలియదు. ఇప్పుడు ఆ పిల్ల ఎదురుపడినా నేను చెప్పను. గుంతల దారిలో ఇంకాసేపు అలాగే ఎగిరిపడుతూ నవ్వుకోనీ.