ఎండలోంచి పారిపోయే పురుగు

2023లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం మేడమీది గదిలో నేను అప్పటికి ఏడాదిగా రిపేరు బల్ల దగ్గర పనిచేస్తున్నాను. డిప్లొమా అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం అది. కౌంటర్‌లో నిలబడి మాట్లాడటం నాకు చేతకాదని యజమాని యాదగిరన్నకు వారంలోనే తెలిసిపోయింది. వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ చేతికిచ్చి పైకి పంపేశాడు.

ఆదివారాలు ఆ గదికి రోబోల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురైదుగురు వచ్చేవారు. వాళ్లు చేసేవి పురుగులు. పేపర్ క్లిప్పులు వంచితే కాళ్లు. పాత సెల్‌ఫోన్లలో వణుకు పుట్టించే బుల్లి మోటార్లు రెండు. వీపు మీద చిన్న సోలార్ సెల్. లోపల బ్యాటరీ ఉండదు, ప్రోగ్రామ్ ఉండదు. ఎండ తగిలితే కెపాసిటర్ నిండుతుంది. కెపాసిటర్ అంటే కరెంటును కాసేపు దాచుకునే చిన్న భాగం. నిండగానే మొత్తం ఒలకబోస్తుంది, పురుగు ‘టిక్’ మని ఒక్క అడుగు వేస్తుంది. మళ్లీ నిండేదాకా చచ్చినట్టు పడి ఉంటుంది. అలవాటు లేనివాళ్లకు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆపుదామంటే స్విచ్ కూడా ఉండదు.

ఆ ఆదివారాల గుంపులో సుధీర్ ఒకడు. అందరి పురుగులూ వెలుతురు వైపు నడిస్తే, సుధీర్ చేసింది వెలుతురు చూసి పారిపోయేది. దానికి ‘సిగ్గు పురుగు’ అని పేరు పెట్టారు. “నీ లెక్కనే ఉంది చెల్లె, మనుషులు కనవడంగనే మూలకు పోతది” అని యాదగిరన్న నన్ను ఏడిపించేవాడు. సుధీర్ మాత్రం దాన్ని సరిచేయనివ్వలేదు. ఆ ఏడాది ఎండాకాలంలో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం సుధీర్ వాళ్లక్క మెర్సీ మేడమ్ దుకాణానికి వచ్చారు. మారేడ్‌పల్లిలో ఉంటారు, స్కూల్ టీచర్. చేతిలో బిస్కెట్ డబ్బా. మూత మీద గుడ్డ కట్టి ఉంది.

“దీన్ని ఆపేయాలమ్మా,” అన్నారు.

డబ్బాలో సిగ్గు పురుగు. యాదగిరన్న చూసి లేచి నిలబడ్డాడు. “కూసోండ్రి మేడమ్. మస్తు మంచోడు మా సుధీర్.”

ఆవిడ కూర్చోలేదు. “తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ అమ్మ మంచం దిగడం లేదండీ. బాత్రూమ్‌కి కూడా నేను మోసినట్టే తీసుకెళ్లాలి. కాళ్లకేం లేదంటాడు డాక్టరు. ఇలాగే పడుకుంటే మాత్రం ఆ కాళ్లు ఇక పనికి రావంటాడు. బతిమాలాను, కోప్పడ్డాను, పాస్టర్‌గారి చేత చెప్పించాను. దిగదు. పొద్దున ఇది అమ్మ మంచం కింద చీకట్లో పడి ఉంటుంది. నేను బయట తాళం వేసుకుని స్కూలుకెళ్తాను. తిరిగొచ్చేసరికి హాల్లో ఉంటుంది, కిటికీ కింద ఎండలో. టిక్, టిక్ అంటూ మళ్లీ అమ్మ గదిలోకి నడుస్తుంటుంది.”

“అమ్మగారు ఏమంటారు?” అని అడిగాను.

“వాడే వస్తున్నాడు అంటుంది.” గొంతు తగ్గించారు. “నాకు ఆ ఇంట్లోకి వెళ్లాలంటే భయంగా ఉంది.”

పురుగును భూతద్దం కింద పెట్టాను. దానికి రెండు కళ్లు, అంటే వెలుతురును గుర్తుపట్టే రెండు ఫొటో డయోడ్‌లు. వెలుతురు వైపు తిరగాలంటే కుడి కన్ను ఎడమ మోటార్‌ను, ఎడమ కన్ను కుడి మోటార్‌ను నడపాలి. కొత్తగా చేసేవాళ్లు కుడిని కుడికీ, ఎడమను ఎడమకీ కలిపేస్తారు. చూడటానికి అదే సవ్యంగా ఉంటుంది. పురుగు మాత్రం చీకట్లోకి వెళ్లిపోతుంది. సుధీర్ వైర్లు అలాగే ఉన్నాయి.

“గింతేనా!” అని యాదగిరన్న ఐరన్ అందుకున్నాడు. “వైర్లు మారిస్తే ఎండలనే తిరుగుతది, లోపలికి రానే రాదు. మేడమ్ పరేషాన్ ఖతం.”

“అన్నా, జెర ఆగు,” అన్నాను.

అది చీకట్లోకి ఎందుకు పోతుందో ఆ వైర్లు చెప్పాయి. చీకట్లోంచి ఎలా బయటికి వస్తుందో చెప్పలేదు. మంచం కింద వెలుతురు లేదు, వెలుతురు లేకపోతే అడుగు లేదు. అక్కడికి చేరాక అది పేపర్ క్లిప్పుల ముద్ద, అంతే. తాళం వేసిన ఇంట్లో అది తనంతట తాను ఎండలోకి వచ్చే వీలే లేదు.

“ఒకసారి మీ ఇల్లు చూడొచ్చా మేడమ్?” అన్నాను. ఒక కస్టమర్‌ని నేనుగా ఏదైనా అడగడం అదే మొదలు.

శనివారం మధ్యాహ్నం వెళ్లాను. లోపలి గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పురుగును ఎప్పటిలాగే మంచం కింద పెట్టాను. మెర్సీ మేడమ్ పాల ప్యాకెట్ కోసం వెళ్తూ అలవాటుగా బయట తాళం వేసుకున్నారు. నేను హాల్లో పుస్తకాల బీరువా పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కదలకుండా కూర్చోవడం నాకు పుట్టుకతో వచ్చింది. అలా కూర్చుంటే గదిలో ఉన్నానని జనం మర్చిపోతారు.

ఇల్లంతా చప్పుడు లేదు. కిటికీ కింద నేల మీద ఎండ చాపలా పరుచుకుని ఉంది. టిక్ శబ్దం కోసం చెవులు రిక్కించాను.

వినిపించింది అది కాదు. నేల మీద ఏదో మెత్తగా రాసుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్లీ వచ్చింది. లోపలి చీకట్లోంచి ఒక చెయ్యి గుమ్మం పట్టుకుంది.

పెద్దావిడ. గోడ పట్టుకుని, పాదాలు ఈడ్చుకుంటూ వస్తోంది. రెండో అరచేతిలో పురుగును కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. కిటికీ దగ్గర వంగి దాన్ని ఎండలో పెట్టింది. తన నీడ దాని మీద పడుతోందని పక్కకు జరిగింది. కాసేపటికి ‘టిక్’. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

“నువ్వూ వెళ్లిపోయావనుకున్నానే పాపా.”

నేను స్టూలు మీంచి లేచాను.

“‘దీనికి ఆకలేస్తుందమ్మా, ఎండలో పెట్టు’ అనేవాడు వాడు. దానంతట అది రాలేదుగా పిచ్చిది.” గోడకు ఆనుకుంది. “దీన్ని చంపడానికేనా వచ్చావు?”

“కాదమ్మా. మీరు నడుస్తున్నారని మేడమ్‌కి చెప్పొచ్చు కదా?”

“చెప్తే? చర్చికి రమ్మంటారు. పెళ్లిళ్లకి రమ్మంటారు. అందరూ కలిసి నేను తేరుకున్నానంటారు. వాడు పోయాక నేను తేరుకోవడమేంటి?”

గేటు చప్పుడైంది. ఆవిడ వచ్చినప్పటికంటే తొందరగా లోపలికి వెళ్లింది. మంచం కిర్రుమంది.

మెర్సీ మేడమ్ తలుపు తీశారు. ఎండలో పురుగు ఒక అడుగు వేసింది. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు. “చూశావా, మళ్లీ! ఇప్పుడే ఆపేయమ్మా, నీకు దణ్ణం పెడతాను.”

ఒకరి మాట దాచాలి, ఇంకొకరి భయం తీర్చాలి. నాకు తెలిసిన భాష వైర్లది ఒక్కటే.

“వైర్లు మారిస్తే ఇది తనంతట తానే ఎండలో బతికేస్తుంది మేడమ్. ఎండలో పెట్టే మనిషి అక్కర్లేదు. ఇప్పుడైతే ఆ మనిషి కావాలి.”

ఆవిడ ఎండలో ఉన్న పురుగునూ నన్నూ మార్చి మార్చి చూశారు. తర్వాత లోపలి గది గుమ్మం దాకా వెళ్లారు. దుప్పటి కిందినుంచి అమ్మ పాదాలు బయటికి ఉన్నాయి. పొద్దున మేడమే తడిగుడ్డతో తుడిచిన పాదాలు. అరికాళ్లకు నేల మీది దుమ్ము అంటి ఉంది.

మెర్సీ మేడమ్ చేతిలోని పాల ప్యాకెట్ నుంచి చెమ్మ బొట్లుబొట్లుగా కారుతోంది. ఆవిడ నెమ్మదిగా దుప్పటి లాగి ఆ పాదాలు కప్పారు. వెనక్కి తిరిగి, అవసరం కంటే గట్టిగా అన్నారు:

“అయితే రిపేరు వద్దులేమ్మా. దాన్ని అలాగే ఉండనీ.”

తర్వాత ఒకసారి దుకాణానికి వచ్చినప్పుడు చెప్పారు: స్కూలుకెళ్లే ముందు హాల్లో కుర్చీలు గోడవారకు జరిపి, దారి ఖాళీ చేసి, కిటికీ తెరిచి, బయట తాళం వేయకుండానే వెళ్తున్నారట. క్రిస్మస్ నాటికి పురుగు వరండా మెట్టు మీద కనిపించడం మొదలైందట. దాని గురించి తల్లీకూతుళ్లు ఇప్పటికీ ఒక్క మాట అనుకోలేదు.

బల్ల మీదికి వచ్చిన ప్రతిదానిలో తప్పు వెతకడం నా పని. ఆ తప్పును ఆసరా చేసుకుని ఇంట్లో ఎవరైనా నిలబడి ఉన్నారేమో బల్ల దగ్గర కూర్చుంటే కనబడదు. ఇప్పటికీ ఆదివారాలు కొత్తవాళ్లు వైర్లు నేరుగా కలిపి తెస్తారు. “ఏందిది, సీదా కొట్టిండ్రు!” అని యాదగిరన్న నవ్వుతాడు. నేను ఐరన్ వేడెక్కేలోగా అడుగుతాను, ఇంట్లో దీన్ని ఎండలో పెట్టేది ఎవరు అని.